బయట ఉండాది

నాయుడుపేట బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వివరాలు చదివే సుబ్రమణ్యం కూతురు స్రవంతి. ఆయన గొంతు ఎట్లా ఉండేదో నాకు తెలియదు గానీ, కూతురి గొంతు మాత్రం నాకు బాగా తెలుసు. ఇరవై అడుగుల అవతల నుంచి మెల్లగా మాట్లాడినా ప్రతి అక్షరం విడివిడిగా వచ్చి చెవిలో కూర్చుంటుంది. అరవదు, గొణగదు. చిన్నప్పుడు నాయన పక్కన స్టూలు మీద కూర్చుని, ఆయనకు దగ్గు వచ్చిన రోజు తనే మైకు అందుకుని "పాకాల మీదుగా చిత్తూరు వెళ్ళు బస్సు" అని చదివేదట. అట్లా తను చదివిన బస్సే చివరికి తనను పాకాలకు తెచ్చి పడేసిందని నవ్వేది. పెళ్ళైన కొత్తలో ఇట్లాంటి మాటలకు చాలా నవ్వేది.

పాకాలలో రైలు గేటుకు అవతల మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ గోడకు గోడ. ఆమె మొగుడు యోగానంద ఎరువుల అంగడి పెట్టుకున్నాడు. మంచివాడే, నోట్లో వేలు పెట్టినా కొరకడు. అట్లాంటి మంచితనం వల్ల పెళ్ళానికి ఒరిగేది ఏమీ లేదని నా అభిప్రాయం. ఇంట్లో పెత్తనమంతా వాళ్ళమ్మ చంద్రకాంతమ్మది. నేను ఆమెను వదినా అని పిలుస్తాను. స్రవంతి నన్ను శకుంతలత్తా అని పిలుస్తుంది.

చంద్రకాంతమ్మ చెడ్డది కాదు. కోడలికి అన్నం సరిగా పెట్టేది, చేయి చేసుకునేది కాదు. కానీ ఆచారం దగ్గరికి వచ్చేసరికి ఆమె ముందు సాక్షాత్తూ కొండ దేవుడు నిలబడినా కాళ్ళు కడుక్కున్నావా అని అడుగుతుంది. నెలకు మూడు దినాలు స్రవంతి పెరటి వసారాలో ఉండాలి. ఒక చాప, ఒక పళ్ళెం, ఒక చెంబు. గడప తొక్కకూడదు, దేన్నీ ముట్టకూడదు. ఆ మూడు దినాలు మాకు గోడ మీద నుంచి కబుర్లు. నేనూ ఆ వయసులో అట్లా కూర్చున్నదాన్నే. నాకు కోడలు లేదు కాబట్టి నేనైతే అట్లా కూర్చోబెట్టేదాన్ని కాదని చెప్పుకోవడం నాకు సులువు.

దానికి మా వైపు ఒకటే మాట. "బయట ఉండాది." అంతే, ఇంకేం చెప్పనక్కర్లేదు. పాలు పోసే కుప్పయ్య కూడా ఆ మాట వినగానే చెంబు ముట్టకుండా పాలు ఎత్తి పోసి వెళ్ళిపోతాడు.

రెండువేల మూడులో మా వీధికి ఫోను వచ్చింది. ఊళ్ళో అందరికీ ఎప్పుడో వచ్చేసింది గానీ, రైలు గేటు దాటి కేబుల్ వేయడానికి టెలిఫోను వాళ్ళకు చేతులు రాలేదు. చివరికి తీగ లేని ఫోన్లు ఇస్తున్నారంటే యోగానంద ఒకటి పెట్టించుకున్నాడు. వచ్చిన మనిషి అట్టపెట్టె విప్పి, చిన్న ఏరియలు బిగించి, "సిగ్నల్ యాడ వస్తే ఆడ పెట్టుకోండప్పా" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ పెట్టెలో వచ్చిన పుస్తకం చదివింది స్రవంతే. ఫోన్ను చంటిబిడ్డలా చంకలో పెట్టుకుని ఇల్లంతా తిరిగింది. ముందు గదిలో ఒక్క గీత కూడా లేదు. వంటింట్లో ఒక గీత వచ్చి, మేము చూసేలోపే పోయింది. మిద్దె మెట్ల కింద ఏమీ లేదు. వెనకాలే చంద్రకాంతమ్మ, ఆమె వెనక నేను, ఊరేగింపులాగా నడిచాం. ఆఖరికి దేవుడి గదిలో కిటికీ దగ్గర పెట్టగానే గీతలన్నీ నిండుగా నిలబడ్డాయి.

"అత్తా, ఈడ బాగుండాది! సూడండి, నిండుగా ఉండాది!" అని స్రవంతి చిన్నపిల్లలా ఎగిరింది.

చంద్రకాంతమ్మ చేతులెత్తి దండం పెట్టింది. "దేవుడే తావు సూపించినాడు" అంది.

అంతే, ఫోను దేవుడి గదిలో కిటికీ గట్టు మీద స్థిరపడింది. యోగానంద దీపపు సెమ్మె పక్కనే కరెంటు ప్లగ్గు పెట్టించాడు. చంద్రకాంతమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. శుక్రవారం శుక్రవారం పూలు. వీధిలో ఎవరికి ఫోను వచ్చినా కాళ్ళు కడుక్కుని లోపలికి పోవాలి. ఫోను మాట్లాడడానికి కాళ్ళు కడుక్కున్నవాళ్ళు ఈ జిల్లా మొత్తంలో మేమేనేమో! ఒకసారి కుప్పయ్య ఆ గదిలో నిలబడి బావమరిదిని పచ్చి బూతులు తిట్టాడు. చంద్రకాంతమ్మ చీపురు తిరగేసి వాడిని గేటు దాకా తరిమింది. అందరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. ఆ చోటు తానే వెతికి పెట్టింది కదా అని స్రవంతి గొప్పగా చెప్పుకునేది.

ఆ ఏడే ఒక సెల్‌ఫోన్ కంపెనీ తిరుపతిలో కస్టమర్ కేర్ ఆఫీసు తెరుస్తోందని పేపర్లో పడింది. తెలుగు స్పష్టంగా మాట్లాడే ఆడపిల్లలు కావాలట. స్రవంతి పేపరు చింపుకుని గోడ దగ్గరికి వచ్చింది. "శకుంతలత్తా, మాట్లాడేదే ఉద్యోగమంట! ఫోనులో మాట్లాడేదే!" అంది. పెళ్ళికి ముందు బీకాం చదివింది. పెళ్ళయ్యాక అంట్లు తోమింది. తన గొంతుకు కూడా ఒక కుర్చీ ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ కుర్చీ తనకు కావాలని ఆమె ఒక్కసారి కూడా దాచుకోలేదు. దాచుకునే రకం కాదు.

చంద్రకాంతమ్మ మూతి విరిచింది. "ఎవుడో మొగోడు ఫోను చేస్తే ఇది మాట్లాడాలనా?" అంది. యోగానంద జన్మలో మొదటిసారి నోరు తెరిచి, "పోయి రానీలేమ్మా, వస్తే కదా" అన్నాడు. వస్తుందని ఆయనకు నమ్మకం లేదు. అందుకే ఒప్పుకున్నాడు.

వచ్చింది. పిలుపు అందుకుని తిరుపతికి పోయి, మైకులో చదివి, ఏవో కాగితాలు రాసి వచ్చింది. అక్కడి అధికారి ఆమె గొంతు విని పెన్ను కింద పెట్టేశాడట. "ఇంట్లో ఫోను ఉందా?" అని అడిగాడట. ఉందని ఈమె ఎంత గర్వంగా చెప్పి ఉంటుందో నేను ఊహించుకోగలను. ఆఖరి పరీక్ష ఫోనులోనే అన్నారు. ఫలానా వారంలో ఎప్పుడైనా చేస్తాం, మీరే ఎత్తాలి, కోపంగా ఉన్న కస్టమరు లాగా మాట్లాడతాం, మీరు సర్దిచెప్పాలి, అందులో నెగ్గితే వెంటనే చేరిపోవచ్చు, ఎత్తకపోతే తరువాతి పేరుకు పోతాం. ఇదీ వాళ్ళ షరతు. ఇచ్చిన కార్డును స్రవంతి తెచ్చి దేవుడి పటం ముందు పెట్టింది.

ఇక చూడండి! అంట్లు తోముతూ "నమస్కారం, మీకు ఏ విధంగా సహాయపడగలను?" బట్టలు ఉతుకుతూ "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." మా ఎనుము కుడితి తాగనని మొండికేస్తే దాని ముందు నిలబడి "దయచేసి లైనులో వేచి ఉండండి" అంది. నేను కోపంగా ఉన్న కస్టమరు లాగా గోడ మీద నుంచి తిట్టేదాన్ని. నాకు ఆ పని బాగా చేతనవుతుంది. నేను ఎంత తిట్టినా ఆమె గొంతు ఒక్క అంగుళం పైకి లేచేది కాదు. ఫోను ఏ గదిలో ఉందో, ఆ వారం ఏ వారమో నాకూ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. తట్టినా చేసేదేముంది? ఒంటికి చెప్పి ఆపగలమా?

ఆ వారంలోనే ఆమె బయట కూర్చుంది.

రెండో దినం పొద్దున ఫోను మోగింది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. దేవుడి గది కిటికీ పెరటి వైపే కాబట్టి ప్రతి మాటా వినబడుతుంది. స్రవంతి చాప మీద నుంచి లేచి నిలబడింది. చంద్రకాంతమ్మ కొంగు తల మీదికి లాక్కుని, రెండు చేతులతో ఫోను ఎత్తింది.

"ఎవరప్పా? స్రవంతా? స్రవంతి బయట ఉండాదప్పా."

అవతల ఏదో అడిగారు.

"ఇప్పుడెట్లా వస్తాదప్పా? మూడు దినాలు బయటే. నాలుగో దినం వస్తాది లోపలికి. అప్పుడు చెయ్యి."

"అత్తా!" అని స్రవంతి కిటికీ కిందికి పరుగెత్తింది. "ఈడనే ఉన్నానని చెప్పండత్తా! ఇంట్లోనే ఉన్నా! కిటికీలో నుంచి ఇయ్యండి, దండం పెడతా, ఇయ్యండత్తా!"

"గమ్మునుండు మే, ఒకటే అరుపు! మాట్లాడతాండా కదా" అంది చంద్రకాంతమ్మ ఇటు తిరిగి.

నేను బట్టలు కింద పడేసి గోడ మీదికి వంగాను. "వదినా, ఆ పాపకు ఇయ్యి వదినా! ఉద్యోగం ఫోను అది!"

"దేవుడి ముందర ఉండేదాన్ని బయటుండేదానికి ఎట్లా ఇస్తారు మే? నువ్వు పుట్టినింట్లో ఇదే నేర్చుకున్యావా?" అని నా మీదికే వచ్చింది. మళ్ళీ ఫోను చెవిలో పెట్టుకుంది. "అప్పా, ఉండావా? పెట్టేసినాడే!" అని ఆశ్చర్యపోయి, ఫోన్ను కొంగుతో తుడిచి మళ్ళీ గట్టు మీద పెట్టింది.

స్రవంతి గొంతు ఆ రోజు వీధి మొత్తం విన్నది. వినాల్సిన ఒక్క చెవి తప్ప.

బూత్ నుంచి చేద్దాం రమ్మన్నాను. నంబరు? కార్డు దేవుడి పటం ముందు ఉంది. "అది అందుకోండత్తా" అంటే చంద్రకాంతమ్మ మడి కట్టుకుని ఉంది, వంట అయ్యేదాకా తను బయటికి రాదు, నన్ను లోపలికి రానీదు. యోగానంద మధ్యాహ్నం అన్నానికి వచ్చి, సంగతి విని, కాళ్ళు కడుక్కుని, అప్పుడు ఫోను చేశాడు. మాట్లాడి వచ్చి వసారా ముందు నిలబడ్డాడు.

"నువ్వు ఊళ్ళో లేవని ఎవరో చెప్పినారంట. మూడు దినాలదాకా రావని చెప్పినారంట. ఇంకొకామెను తీసుకున్నారు" అన్నాడు.

"ఊళ్ళో లేదని నేనెందుకంటానురా?" చంద్రకాంతమ్మ లోపలి నుంచి వచ్చింది. నిజంగానే నొచ్చుకుంది. "బయట ఉండాదనే కదా అన్నా! ఉండే మాటే కదా చెప్పినా! అబద్ధమాడితే నా కండ్లు పోవా?"

అదే నా కడుపు మంట. అబద్ధం చెప్పి ఉంటే తిట్టడానికైనా వీలుండేది. ఆమె నిజమే చెప్పింది. తిరుపతి ఆఫీసులో ఏ ఊరివాడో టై కట్టుకుని కూర్చుని, బయట అంటే బయటే అనుకున్నాడు, ఏ మద్రాసుకో పోయిందనుకున్నాడు. తెలిసే అన్నదా, తెలియక అన్నదా అని నేను ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. తెలియకే అన్నదని నా నమ్మకం. అందుకే మరీ మండుతుంది.

"పోనీలే, దేవుడి దయ ఉంటే ఇంకొకటి వస్తాది" అన్నాడు యోగానంద.

నా నోరు ఆగలేదు. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంట నాయనా! దేవుడు మీ ఇంటికి సిగ్నలు నిండుగానే పంపించినాడు. మధ్యలో మీరుండారు" అన్నాను. ఆ తరువాత చంద్రకాంతమ్మ నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. నాకు నష్టమేమీ లేదు. స్రవంతి మాత్రం ఏడవలేదు, తిట్టలేదు. చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది. నాలుగో దినం తలకు పోసుకుని లోపలికి వెళ్ళి, ఆ ఫోను ముందు దీపం పెట్టింది. అది ఆమె పని కాబట్టి పెట్టింది.

ఆ తరువాత ఎనుము ముందు ఎవరూ "దయచేసి వేచి ఉండండి" అనలేదు.

సెల్‌ఫోన్లు వచ్చాయి. వీధిలో ఎవరు సెల్లు కొన్నా స్రవంతి దగ్గరికే. సిమ్ము వేయడం, పేర్లు ఎక్కించడం, గంట మార్చడం, అన్నీ ఆమే. పూలమ్మే అక్కమ్మకు చదువు రాదు కాబట్టి కొడుకు నంబరు ఒకటి అంకె మీద పెట్టి, గట్టిగా నొక్కిపట్టుకోవడం నేర్పింది. ఆమెకు మాత్రం సొంత సెల్లు లేదు. ఇంట్లో ఉండేదానికి సెల్లెందుకు, ఇంటికొకటి చాలు అన్నారు. ఆ ఇంటి సెల్లుకు చంద్రకాంతమ్మ కొండ దేవుడి బొమ్మ పెట్టించుకుంది, దేవుడి పాట గంటగా పెట్టించుకుంది. అవి పెట్టిచ్చింది కూడా స్రవంతే. ఇక అది బొమ్మ ఉన్న సెల్లు కదా, బయట ఉన్నప్పుడు ముట్టకూడదు!

మిగిలిన దినాల్లో ఒక్కోసారి ఆ సెల్లు చెవికి పెట్టుకుని పెరట్లో నిలబడి ఉండేది. పెదవి కదిలేది కాదు.

"ఎవరితో మే, ఇంతసేపు?" అని అడిగాను ఒకసారి.

"ఎవరితోనూ కాదత్తా. కస్టమర్ కేరుకు చేసినా. ఆ మాటలు ఊరికే ఇంటాండా."

 

రెండువేల తొమ్మిదిలో కేబుల్ గేటు దాటింది. ఆ తిరుపతి ఆఫీసు సెల్ కంపెనీవాళ్ళే ఇంటర్నెట్ కూడా ఇస్తున్నారు. అంగడి సరుకు కంప్యూటరులో ఆర్డరు పెట్టాలని కంపెనీలు పట్టుబట్టడంతో యోగానంద వైఫై పెట్టించాడు. ప్లగ్గు ఎక్కడుందని వాళ్ళు అడిగితే, ఇంకెక్కడ, దేవుడి గదిలోనే! దీపాలు మిణుకుమిణుకుమనే ఆ పెట్టెకూ బొట్టు పడింది. పాస్‌వర్డ్ పెట్టింది, ల్యాప్‌టాప్‌కు కలిపింది స్రవంతి.

"గాలిలో వస్తాదంటాండారే, వసారాలో ఉండేదాని మిందుగా వచ్చినా అంటు కాదా?" అని చంద్రకాంతమ్మ కొడుకును అడిగింది.

"గాలికి అంటు లేదులేమ్మా" అన్నాడు యోగానంద.

ఆ గాలి మా గోడ దాటి నా వంటింటిదాకా వస్తుందట. దానికి లేని అంటు ఈ పిల్లకే అంటుకుంది చూడండి.

వేరుశనగ విత్తనాల కాలం. ఆర్డరుకు అదే ఆఖరి రోజు. పెట్టెలో ఎర్ర దీపం వెలిగి కూర్చుంది. యోగానంద ఆపాడు, పెట్టాడు, తట్టాడు, ఊదాడు. స్రవంతి వసారాలో చాప మీద ఉంది.

"ఆ సన్న బొక్కలో పిన్ను పెట్టి నొక్కండి" అని అక్కడి నుంచే చెప్పింది. నొక్కాడు. ఎర్రదే. కస్టమర్ కేరుకు చేశాడు. ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటుంటే చెమటలు పట్టి కట్ చేశాడు. సరుకు పోతే సీజనంతా పోతుంది. చంద్రకాంతమ్మ దేవుడి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది.

"దాన్నే మాట్లాడనీరా" అంది.

"ఈ సెల్లులో నుంచే చేయాలంటమ్మా. బొమ్మ ఉండాది కదా."

"బొమ్మ తీసెయ్యి."

రెండు బటన్లు నొక్కితే దేవుడు పోయాడు. సెల్లు గడప మీద పెట్టి జరిగాడు. నేను గోడకు ఇవతల నిలబడి నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. ఇంత సులువా! ఆరేళ్ళ కింద ఒక గుడ్డ పరిచి కిటికీలో పెట్టి ఉంటే ఏ దేవుడు వచ్చి అడిగాడు? అవసరం తమదైతే అంటు ఉండదు కాబోలు. నోటిదాకా వచ్చింది గానీ, ఫోను కలిసిందని మింగాను.

లోపల ఉన్న మొగుడికి వినబడాలని స్రవంతి స్పీకరు పెట్టింది.

"నమస్కారం, మీకు ఏ విధంగా సహాయపడగలను?" చిన్నపిల్ల గొంతు. స్రవంతి సంగతంతా వరుసగా చెప్పింది.

"మేడం, మీరు ఇప్పుడు పెట్టె దగ్గర ఉన్నారా?"

"లేదమ్మా. బయట ఉన్నా."

"సరే మేడం, అయితే ఇంటికి చేరుకున్నాక మళ్ళీ ఫోన్ చేయండి. ఇంకేమైనా..."

స్రవంతి సెల్లును నోటి దగ్గరికి లాక్కుంది. "పెట్టొద్దు! పెట్టొద్దమ్మా!" అని అరిచింది. ఆ అరుపు నేను ఒకసారి విన్నదే. "నేను ఊళ్ళోనే ఉన్నా. ఇంట్లోనే ఉన్నా. బయట ఉన్నా!"

"అర్థం కాలేదు మేడం."

"ఇంట్లోనే బయట ఉన్నానమ్మా." వాళ్ళ నాయన బస్సుల పేర్లు చదివినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

 మళ్ళీ మాట్లాడింది ఆ పిల్లే గానీ, గొంతు వేరే, యాస వేరే. మా గొంతు.

"అక్కా, మీదే ఊరు? పాకాలా? మాది పూతలపట్టు పక్కనక్కా. అర్థమయింది. లోపల ఎవరుంటే వాళ్ళను దీపాలు సూసి చెప్పమనండి, నేను ఈడ నుంచే సరిచేస్తా."

యోగానంద దీపాలు చదివాడు, స్రవంతి అందించింది, ఆ పిల్ల అక్కడ ఏవో నొక్కింది. "పచ్చ దీపం వచ్చింది!" అని లోపల యోగానంద ఎగిరాడు.

"వచ్చిందంట పాపా" అంది స్రవంతి. తరువాత మెల్లగా, "మీకు ఎట్లా? ఇట్లాంటి దినాల్లో ఉద్యోగానికి పోనిస్తారా ఇంట్లో?" అని అడిగింది.

ఆ పిల్ల నవ్వింది. "ఇంట్లో నేనూ చాప మిందే అక్కా. ఈడ ఎవరు అడుగుతారు? ఈ పొద్దు నేనూ బయటే. రెండో దినం."

స్పీకరులో ఆ మాట ఇల్లంతా వినబడింది.  చంద్రకాంతమ్మ దేవుడి గది గడప దగ్గర నిలబడి, బొట్టు పెట్టిన పెట్టెలో వెలుగుతున్న పచ్చ దీపాన్ని చూస్తూ ఉండిపోయింది. దాన్ని వెలిగించింది ఎవరో ఆమెకు ఇప్పుడు తెలుసు. ఆర్పమని మాత్రం అనలేదు. వేరుశనగ విత్తనాలు కావాలి కదా!

ఫోను పెట్టేశాక స్రవంతి సెల్లును గడప మీదికి నెట్టింది. చంద్రకాంతమ్మ దాని మీద పసుపు నీళ్ళు చల్లి, కొంగుతో తుడిచి, కొడుకు చేతికిచ్చి, "బొమ్మ పెట్టురా" అంది.

నేను గోడ మీదికి వంగాను. ఏదో ఒకటి అనాలి కదా! "ఆ పాప గొంతు నీ గొంతు ముందర ఎందుకు పనికొస్తాది మే? కీచుమంటాండాది" అన్నాను.

స్రవంతి చాప దులిపి మళ్ళీ పరుచుకుంది.

"గొంతుదేముంది శకుంతలత్తా" అంది. "ఆ పాప ఫోను ఎత్తింది."